1917 బీఎస్ఏ .303 రైఫిల్: చరిత్ర తెలియదు, ఎంతవరకు బాగుచేయాలి?

ఇత్తడిబిళ్ల:

చరిత్ర తెలియని ఒక .303 లీ ఎన్‌ఫీల్డ్ నా సేకరణలో చేరింది. కాగితాలు చట్టప్రకారం సరిగానే ఉన్నాయి. అమ్మినవారు "గల్లిపోలిలో వాడింది" అన్నారు కానీ ఆధారం ఏమీ ఇవ్వలేదు. ఇంతవరకు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. పైకి కనిపిస్తున్నవన్నీ రాస్తున్నాను.

బట్ సాకెట్ (భుజానికి ఆనే కర్ర, అంటే బట్, దిగే ఇనుప గూడు) కుడివైపు కిరీటం, జి.ఆర్., వాటి కింద బి.ఎస్.ఏ. కో., 1917, ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ., ఆ కింద 3 అంకె పక్కన నక్షత్రం. సాకెట్ ఎడమవైపు రెండు బాణాలు మొనలు తాకేలా ఎదురెదురుగా కొట్టి ఉన్నాయి. రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) మీద బాణం, దాని కింద ఐ అక్షరం. బ్యారెల్ మొదట్లో ఎడమపక్కన 45 అని ఉంది. రిసీవర్ నంబరూ బ్యారెల్ నంబరూ ఒకటే. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి వెనక పాత నంబరుకి అడ్డగీత కొట్టి, పక్కన రిసీవర్ నంబరు వేశారు. నోస్‌క్యాప్ (మూతి దగ్గరి లోహపు తొడుగు) నంబరు మాత్రం వేరు. మ్యాగజైన్‌కి కాస్త ముందు ఫోరెండ్‌కి (బ్యారెల్ కింది కర్రకి) అడ్డంగా ఒక స్క్రూ ఉంది. నా దగ్గరున్న మార్క్ 3* బొమ్మల్లో ఇది ఎక్కడా లేదు.

ఇనుమంతా నల్ల పెయింటు. పెచ్చులు లేచినచోట ఎర్ర తుప్పు. బట్ కొద్దిగా ఊగుతోంది. ఫోరెండ్ వెనక చివర రెండు పక్కలా సన్నటి పగుళ్లు. ట్రిగ్గర్‌కి రెండు దశల లాగుడు ఉండాలి కదా, మొదటి దశ దాదాపు లేదు. వేలు పెట్టగానే రెండో దశకి వచ్చేస్తోంది. బ్యారెల్ లోపల నల్లగా ఉంది, గాడులు మసకగా కనిపిస్తున్నాయి.

ఇది అసలు బీఎస్ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ)దేనా, ఖైబర్ కనుమ ప్రాంతంలో చేత్తో చేసిన నకలా? తుప్పు, పెయింటు, కర్ర, వీటిలో ఏది ముట్టుకోవచ్చు, ఏది అలాగే వదిలేయాలి? వీలైతే రేంజ్‌లో కాల్చాలని ఉంది, కానీ అదే ముఖ్యం కాదు.

నాక్స్‌ఫామ్:

స్క్రూ విప్పకుండా అడగడం మంచిదైంది. ఈ తుపాకికి కాగితపు చరిత్ర లేకపోయినా ఇనుము మీద చరిత్ర ఉంది. శుభ్రం చేయడం మొదలుపెట్టాక ముందు పోయేది అదే.

గల్లిపోలి మాట వదిలేయండి. ఆ దండయాత్ర 1915లో మొదలై 1916 జనవరితో ముగిసింది, మీ రిసీవర్ 1917లో తయారైంది. ఇక నకలు సంగతి. ఖైబర్ నకళ్లలో మొదట పట్టిచ్చేది కిరీటం కింది అక్షరాలకీ సంవత్సరానికీ కుదరకపోవడం. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయారు, ఈ పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ 1902 చివర్లో గాని ఆమోదం పొందలేదు. కాబట్టి పాత పొడవు రైఫిల్ నుంచి మార్చినదన్న ముద్ర లేకుండా, వి.ఆర్. ఉన్న ఎస్‌ఎంఎల్‌ఈ (ఈ పొట్టి రైఫిల్ పేరే) కనబడితే నకలని అనుమానించాలి. 1910 మే దాకా ఇ.ఆర్., ఆ తర్వాత జి.ఆర్. నక్షత్రం ఉన్న మార్క్ 3 మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, పని తగ్గించడానికి చేసిన మార్పు. మ్యాగజైన్ కట్ఆఫ్ (మ్యాగజైన్ తూటాలని ఆపే పలక), దూరపు వాలీ సైట్లు, వెనక సైటు పక్కకి జరిపే మర నక్షత్రంతో పోయాయి. మీ ముద్రల్లో జి.ఆర్., 1917, నక్షత్రం మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి.

ఇక అక్షరాల తీరు చూడండి. ఫ్యాక్టరీలో కిరీటం ఒకే అచ్చుతో పడుతుంది, అంచులు పదునుగా, లోతు సమానంగా ఉంటాయి. నకలులో అక్షరాలు ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టినవి, వరస వంకరగా ఉంటుంది. ఎన్ అక్షరం తిరగబడటం, ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగులో ఒక అక్షరం మారిపోవడం మామూలు. రిసీవర్ లోపలి గోడలు కూడా చూడండి. మరమీద కోసిన గీతలు సమాంతరంగా సాగుతాయి. ఆకురాయితో చేసిన పని అడ్డదిడ్డంగా కనిపిస్తుంది.

మిగతా ముద్రలు కథని ముందుకు తీసుకెళ్తున్నాయి. బాణం కింద ఐ అంటే భారత ప్రభుత్వపు ఆస్తి. బ్యారెల్ మీది 45 అంటే 1945లో చేసిన బ్యారెల్, పాతది తీసేసి ఇది బిగించి రిసీవర్ నంబరు దీనిమీద వేశారు. ఆ అడ్డ స్క్రూ భారతదేశంలో మరమ్మతు జరిగిందనడానికి గట్టి గుర్తు. ఫోరెండ్ చీలకుండా బెంగాల్‌లోని ఇషాపూర్ తుపాకుల కర్మాగారం పద్ధతిలో అలా బిగించేవారు, సేకరణదారులు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. మొనలు కలిసిన రెండు బాణాలు సర్వీసు నుంచి అమ్మేసిన గుర్తు. బోల్ట్ నంబరు కొట్టేసి మార్చారంటే, ఆ బోల్ట్‌ని వర్క్‌షాపులో ఈ రిసీవర్‌కి కుదిర్చారన్నమాట. దాన్ని లోపంగా కాదు, సర్వీసు మరమ్మతుగా చూడాలి. నోస్‌క్యాప్ తేడా పెద్ద విషయం కాదు.

అంటే ఇంతవరకు చెప్పగలిగింది: 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది, భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1945లోనో ఆ తర్వాతో కొత్త బ్యారెల్ పడింది, ఆపైన అమ్ముడుపోయింది. ఏ యుద్ధభూమి చూసిందో ముద్రలు చెప్పవు. బట్ కుడిపక్క రెజిమెంటు పేరున్న ఇత్తడి బిళ్ల ఉన్నా, అది ఒక్క స్క్రూతో ఊడొచ్చే వస్తువు. ఒంటరిగా దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

ఇంకో రెండు తప్పక వెతకండి. డి.పి. (డ్రిల్ పర్పస్) అక్షరాలు ఉంటే అది కవాతుకి మాత్రమే కేటాయించిన రైఫిల్. కర్ర చుట్టూ ఎరుపు తెలుపు పట్టీల జాడ కూడా అదే చెబుతుంది. అలాంటిది కాల్చే ఆలోచన అక్కడితో ఆపేయాలి. రెండోది, మ్యాగజైన్ స్థానంలో చెక్క దిమ్మ ఉండి, గొట్టం వెడల్పుగా నున్నగా ఉంటే అది ఇషాపూర్‌లో .410 మస్కెట్‌గా మార్చినది. మీరు గాడులు ఉన్నాయంటున్నారు కాబట్టి మీది ఆ కోవ కాదు.

విప్పే ముందు ప్రతి ముద్రకీ ఫోటో తీయండి. లైటు పక్కనుంచి ఏటవాలుగా పడాలి, ఎదురుగా ఫ్లాష్ పడితే ముద్ర కనిపించదు. పెయింటు కింద కప్పబడిన ముద్రల మీద పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు తేలతాయి. పెయింటు ఆ ముద్ర గుంటలోకి దిగిందా, లేక ముద్ర పెయింటును చీల్చుకుని పడిందా అన్నది కూడా రాసి పెట్టుకోండి. ముద్ర ముందా, రంగు ముందా అన్నది దానితో తేలుతుంది.

కర్రపని:

బట్ ఊగుతోందని వెనక నుంచి పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి బిగించడానికి వెళ్తారేమో, దయచేసి ఆగండి. ఈ మోడల్లో ఫోరెండ్‌లు పగిలేది ఎక్కువగా ఆ పని వల్లే. బట్ బోల్ట్ (బట్‌ని బిగించే పొడవాటి మర) ముందు కొస నలుచదరంగా ఉంటుంది. అది సాకెట్ దాటి వచ్చి ఫోరెండ్ వెనకున్న చిన్న ఇనుప రేకు గాడిలో కూర్చుంటుంది. ఫోరెండ్ ఉండగా బోల్ట్ తిప్పితే ఆ నలుచదరపు కొస రేకుని మెలితిప్పి కర్రని చీలుస్తుంది. ముందు ఫోరెండ్ తీయాలి, ఆ తర్వాతే బట్ బోల్ట్.

విప్పే వరస ఇది. చాంబర్, మ్యాగజైన్ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. మ్యాగజైన్ తీయండి. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి, బోల్ట్ హెడ్‌ని రిసీవర్ పక్క గట్టు మీంచి పైకి లేపి తిప్పితే బయటికి వస్తుంది. నోస్‌క్యాప్ స్క్రూలు రెండూ తీసి దాన్ని నేరుగా ముందుకి జరపండి, బిగిసుంటే కర్ర దిమ్మ అడ్డం పెట్టి తట్టండి. బయటి బ్యాండ్, ముందు హ్యాండ్‌గార్డ్, వెనక హ్యాండ్‌గార్డ్ తర్వాత. వెనకది స్ప్రింగ్ పట్టుతో బ్యారెల్‌ని కరిచి ఉంటుంది, రెండు వైపులా సమంగా పైకెత్తకపోతే చెవులు విరుగుతాయి. లోపలి బ్యాండ్ స్క్రూ కింద చిన్న స్ప్రింగ్ ఉంటుంది, ఎగిరిపోకుండా గుడ్డ కప్పండి. తర్వాత ట్రిగ్గర్ గార్డ్ రెండు స్క్రూలు. చివరగా ఫోరెండ్‌ని వంచకుండా తిన్నగా కిందికి దించాలి. ముందువైపు పట్టుకుని కిందికి లాగితే వెనక భుజాలు పెచ్చులూడతాయి. ముందు చివర బ్యారెల్‌ని పైకి నెట్టే చిన్న మొలక, దాని స్ప్రింగ్ జారిపడతాయి, చూసుకోండి.

స్క్రూడ్రైవర్ మొన గాడి వెడల్పునీ మందాన్నీ నిండుగా నింపాలి. ఈ స్క్రూల మర ఎన్‌ఫీల్డ్ సొంత కొలత. మెట్రిక్ స్క్రూ దగ్గరదగ్గరగా పట్టినట్టు అనిపించినా రెండు చుట్లలో మరని తినేస్తుంది. పోయిన స్క్రూకి అదే మోడల్ పాత స్క్రూ తప్ప వేరేది పెట్టొద్దు. కదలని స్క్రూకి చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రోజు వదిలి, మొన గాడిలో పెట్టి పైన సుత్తితో చిన్నగా తట్టాక తిప్పండి.

ఇప్పుడు మీ ట్రిగ్గర్ జబ్బు. ఈ మోడల్లో ట్రిగ్గర్ ఉండేది రిసీవర్‌కి కాదు, ట్రిగ్గర్ గార్డ్‌కి. గార్డ్‌కీ రిసీవర్‌కీ మధ్య ఉన్నది కర్ర. ఆ కర్ర నలిగితే, లేదా ముందు స్క్రూ చుట్టూ ఉండాల్సిన చిన్న ఇనుప గొట్టం, కాలర్, పోతే, గార్డ్ పైకి పోతుంది. ట్రిగ్గర్ అప్పటికే సియర్‌ని (పేల్చే భాగాన్ని పట్టి ఆపే కొక్కేన్ని) కొంత నొక్కేసి ఉంటుంది. అందుకే మొదటి దశ కనబడటం లేదు. ఇది అసౌకర్యం మాత్రమే కాదు. సియర్ పట్టు తగ్గి, బట్ నేలకి తగిలితే కాక్ (వెనక్కి లాగి ఆపిన పేల్చే భాగం) జారే ప్రమాదం ఉంది. సియర్‌ని రాయి మీద అరగదీసి దీన్ని సరిచేయాలని చూడకండి, లోపం అక్కడ లేదు. కాలర్ ఉందో లేదో చూడండి. లేకపోతే అదే పగుళ్లకీ కారణం. స్క్రూ బిగించేకొద్దీ కర్ర నలిగి, రిసీవర్ వదులై, ప్రతి దెబ్బకీ వెనక్కి గుద్దుకుంటుంది.

ఆ గుద్దు తినే చోటు ఫోరెండ్ వెనక లోపలి రెండు భుజాలు. రిసీవర్ అడుగున ఉన్న లగ్గులకి (పొడుచుకొచ్చిన దిమ్మలకి) మార్కింగ్ బ్లూ (తాకిన చోట అంటే నీలి రంగు) పల్చగా పూసి ఫోరెండ్ కూర్చోబెట్టి తీయండి. రెండు భుజాల మీదా సమానంగా రంగు అంటాలి. ఒక్కదాని మీదే అంటితే, లేదా ఆ భుజం కర్ర నూనెకి నల్లబడి గోటితో గీస్తే ఊడొస్తుంటే, పాడైన మేరకు ఉలితో చదరంగా తీసి గట్టి వాల్నట్ ముక్క అతికించాలి. ముక్క పొరలు బ్యారెల్ దిశలో, కొస దెబ్బని ఎదుర్కొనేలా ఉండాలి. పొరలు అడ్డంగా పెడితే మళ్ళీ నలుగుతుంది. అతికించేముందు అసిటోన్‌తో మూడు నాలుగుసార్లు తుడవండి, గుడ్డకి పసుపు అంటడం ఆగేదాకా. నూనె ఉన్న కర్రకి ఎపాక్సీ పట్టదు. ముక్కని కాస్త పెద్దదిగా అతికించి, బ్లూ చూసుకుంటూ కొద్దికొద్దిగా చెక్కుకుంటూ రండి. ఫోరెండ్ వెనక అంచు మాత్రం బట్ సాకెట్‌ని తాకకూడదు. వెలుతురు కనబడేంత సందు ఉండాలి. దెబ్బంతా భుజాలు తీసుకోవాలి, అంచు తీసుకుంటే మళ్ళీ చీలుతుంది. లిత్‌గో ఫ్యాక్టరీ తన మెత్తటి ఆస్ట్రేలియా కర్రకి ఇక్కడ రాగి రేకులు వేసింది ఈ కారణంతోనే.

సన్నటి పగులుకి పల్చటి ఎపాక్సీ చాలు. పగులుని కొద్దిగా తెరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి వేస్తే లోపలికి లాక్కుంటుంది.

కర్ర పైభాగానికి శాండ్‌పేపర్ వద్దు. ముద్రలన్నీ పైపొరలోనే ఉంటాయి, పైగా గీకిన కర్ర లోహం అంచుకంటే కిందికి దిగి ఎప్పటికీ కుదరదు. మినరల్ స్పిరిట్ గుడ్డతో మురికి తీయండి. నల్లగా నూనె ఊరుతున్నచోట అసిటోన్‌లో కలిపిన సుద్దపొడి ముద్దలా పూసి ఆరనిస్తే నూనెని పీల్చుకుని గోధుమరంగుకి మారుతుంది, దులిపి మళ్ళీ పూయాలి. నొక్కులకి తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె కొస ఆనిస్తే నలిగిన పొరలు ఉబ్బి లేస్తాయి. పొర తెగిన గాటు ఆవిరికి లేవదు, దాన్ని అలా ఉండనివ్వండి. ముద్రల మీద ఆవిరి పట్టొద్దు, అవీ నొక్కులే కాబట్టి అవీ లేచిపోతాయి.

చివర్న పచ్చి అవిసె నూనె, సైన్యం వాడింది అదే. కొంచెం వెచ్చబెట్టి, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది, పావుగంటకి మిగిలింది తుడిచేయండి. పల్చటి పూతలు, మధ్యలో రోజుల విరామం. ఒకేసారి చిక్కగా పూస్తే జిగురులా నిలిచిపోతుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న లోహపు డబ్బాలో వేసి మూత పెట్టండి.

పుల్‌త్రూ:

కర్ర గురించి పైన చెప్పినదానికి కలపాల్సింది లేదు. తుప్పు గురించి చెబుతాను.

వెనిగర్, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు ద్రావణాలు వద్దు. పాత బ్లూయింగ్ (ఇనుము మీది నీలి నల్ల పూత) కూడా ఇనుప ఆక్సైడే. ఎర్ర తుప్పుని తినే ఆమ్లం మిగిలిన బ్లూని కూడా తినేసి బూడిదరంగు ఇనుము మిగులుస్తుంది. దానికంటే ఎర్ర తుప్పుని నల్ల ఆక్సైడ్‌గా మార్చడం మేలు, మంచి నీళ్లలో మరిగిస్తే చాలు.

ముందు గ్రీజు, నూనె పూర్తిగా తీయాలి. అసిటోన్ తర్వాత డిటర్జెంట్ వేడినీళ్లు. రిసీవర్‌తో కలిపి బ్యారెల్ మునగాలంటే 90 సెంటీమీటర్ల పొడవు లోహపు తొట్టి కావాలి, కింద రెండు మంటలు. బ్యారెల్ ఒక్కటే 25.2 అంగుళాలు. నీళ్లు డిస్టిల్డ్ వాటరే వాడండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్, లవణాలు మచ్చలు పెడతాయి. అరగంట మరిగించండి. ఎర్రగా ఉన్నది నల్లటి మెత్తటి నూగులా మారుతుంది. తీసి, వేడి మీదే, నూనె తీసేసిన 0000 స్టీల్ ఊల్‌తో బరువు పెట్టకుండా రుద్దితే నూగు పోయి కింద గట్టి నల్ల పొర నిలుస్తుంది. ఎర్ర జాడ ఆగేదాకా రెండు మూడుసార్లు. కొత్త స్టీల్ ఊల్‌కి ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, అసిటోన్‌లో ముంచి ఆరబెట్టకుండా వాడితే మరకలు పడతాయి. మరగబెట్టే వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి స్ప్రింగ్‌ల పదును దిగదు. బ్యారెల్ రంధ్రానికి బిరడా పెట్టొద్దు, లోపలి తుప్పు కూడా మారుతుంది. బయటికి తీయగానే నీటిని తరిమే నూనె లోపలా బయటా పట్టించండి.

పెయింటు మీద నా మాట: తీసేయండి. పెచ్చు కింద తేమ చేరి తుప్పు దాక్కుంటుంది, పైనుంచి కనబడదు. మామూలు పెయింట్ రిమూవర్ జెల్, ప్లాస్టిక్ గీకుడు పలక, ఇత్తడి బ్రష్. స్టీలు బ్రష్ ముద్రల అంచులు తినేస్తుంది.

గొట్టం లోపల చీకటిగా ఉందంటే అది పాడైందని కాదు. చొచ్చుకుపోయే నూనె పోసి రెండు కొసలూ మూసి రాత్రంతా ఉంచి, కంచు బ్రష్‌తో చాంబర్ వైపు నుంచి తోయండి. తర్వాత రాగి కరిగించే ద్రావణం, గుడ్డకి నీలం అంటడం ఆగాక మళ్ళీ కార్బన్ ద్రావణం. పాత తుపాకుల్లో రాగి పొర మీద కార్బన్, దానిమీద మళ్ళీ రాగి ఉంటాయి. ఒక్క ద్రావణంతో శుభ్రమైందనుకుంటే రెండో పొర కింద తుప్పు అలాగే ఉంటుంది. ఆ తుప్పుకి మూలం పాత ప్రైమర్లలోని (తూటా అడుగున మందుని అంటించే బిళ్లల్లోని) పొటాషియం క్లోరేట్. కాలాక అది ఉప్పుగా మిగిలి తేమని లాగుతుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలోనే కరుగుతుంది, అందుకే సైనికులు మరుగునీళ్లు గరాటుతో పోసేవారు. మీరెప్పుడైనా పాత సైనిక తూటాలు కాలిస్తే మీరూ అదే చేయండి.

మూతి దగ్గర గొట్టం గుండ్రంగానే ఉందా అని భూతద్దంతో చూడండి. గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు ఒకే పక్క రాపిడితో అరిగిన గాడి చేస్తుంది, గురి చెడేది ఎక్కువగా అక్కడే. లోపలి కొలతకి మెత్తటి సీసపు గుండు తోసి కొలిచేటప్పుడు ఒకటి మర్చిపోకండి: ఈ బ్యారెల్‌కి ఐదు గాడులు, ఎడమకి తిరుగుతాయి. గాడికి ఎదురుగా గట్టు వస్తుంది కాబట్టి మామూలు మైక్రోమీటర్ తక్కువ చూపిస్తుంది. వి ఆకారపు దవడలున్న మైక్రోమీటర్ కావాలి.

నాక్స్‌ఫామ్:

పెయింటు విషయంలో పుల్‌త్రూ గారితో ఏకీభవించను. నల్ల పెయింటు తర్వాత ఎవరో వేసిన చౌక రంగు కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఫాస్ఫేట్ మీద సన్‌కొరైట్ అనే నల్ల పూత అధికారిక ఫినిష్. భారత్‌లో మరమ్మతైన రైఫిళ్లకీ నల్ల పెయింటు మామూలే. 1945 బ్యారెల్, అడ్డ స్క్రూ, మార్చిన బోల్ట్ నంబరు, ఈ పెయింటు, నాలుగూ కలిస్తేనే ఆ వర్క్‌షాపు కథ. 1917 నాటి బ్లూ తెప్పించాలని పెయింటు తీస్తే, 1945 బ్యారెల్ మీద 1917 రూపం వస్తుంది. అలాంటి తుపాకి ఎప్పుడూ లేదు. పెచ్చు లేచిన చోట్ల మాత్రం అంచులు తీసి, తుప్పు ఆపి, మైనం పూయండి. గట్టిగా అంటుకున్న పెయింటుని వదిలేయండి. కర్ర కింద దాగే భాగాల్లో ఎంత తీసినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పుల్‌త్రూ:

గట్టిగా ఉన్నది ఉంచడం సరే. కానీ గోటికి లేస్తున్నదాన్ని చరిత్ర పేరుతో ఉంచితే పదేళ్లకి కింద గుంటలు పడతాయి. మరిగించాలంటే పెయింటున్న భాగాలు తొట్టిలో వేయలేరు కూడా, ఉబ్బి ఊడుతుంది. ఇత్తడిబిళ్ల గారు, పెయింటు ఉంచాలనుకుంటే రిసీవర్‌ని మరిగించకండి. తుప్పున్నచోట నూనె, 0000 స్టీల్ ఊల్, ఓపిక.

ఇత్తడిబిళ్ల:

చెప్పిన వరసలోనే విప్పాను. ముందు స్క్రూ కాలర్ లేదు, కర్రపని గారు చెప్పినట్టే. కుడి భుజం కర్ర మెత్తబడింది, ఎడమది బాగుంది. డి.పి. ముద్ర ఎక్కడా లేదు. రిసీవర్ లోపల కోత గీతలు సమాంతరంగా ఉన్నాయి. పెయింటు కింద ఫాస్ఫేట్ లాంటి బూడిదరంగు ఉంది, అందుకని పెయింటు ఉంచేస్తున్నాను.

హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ బ్యారెల్‌కీ మధ్య దూరం) కొలిచే గేజ్‌లు తెచ్చి చూశాను. 0.064 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకుంది, 0.074 మీద మూసుకోలేదు. కానీ బోల్ట్ లగ్గులకి (బోల్ట్‌కి తాళం వేసే గట్లకి) బ్లూ పూసి చూస్తే ఎడమ లగ్గు మీదే రంగు పోయింది, కుడి పొడవు గట్టు తాకినట్టు లేదు. దాన్ని కొద్దిగా రాయితో సరిచేయవచ్చా?

గేజ్064:

వద్దు. లగ్గుల పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు, లోపల మెత్తన. ఎడమ లగ్గుని అరగదీసి కుడిని తాకించాలంటే ఆ పొర దాటిపోతారు. తర్వాత కాల్చేకొద్దీ లగ్గు వెనక్కి నలుగుతూ హెడ్‌స్పేస్ పెరుగుతూ పోతుంది.

మీ గేజ్ కొలతలు బ్రిటిష్ సైనిక పరిమితుల్లోనే ఉన్నాయి, 0.064 మూసుకోవాలి, 0.074 మూసుకోకూడదు. కానీ గేజ్ చెప్పేది బోల్ట్ హెడ్‌కీ బ్యారెల్‌కీ మధ్య దూరం, లగ్గుల పట్టు గురించి అది ఏమీ చెప్పదు. లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ వెనకవైపు తాళం వేసుకుంటుంది. ఒక్క లగ్గే బరువు మోస్తే ప్రతి పేలుడుకీ బోల్ట్ ఒక పక్కకి వంగుతుంది, తూటాలు చెదురుతాయి, ఆ పక్క రిసీవర్ గోడ మీద భారం పడుతుంది.

ముందు పరీక్ష మళ్ళీ చేయండి. స్ట్రైకర్ (ప్రైమర్‌ని గుద్దే సూది), స్ప్రింగ్ తీసేసిన బోల్ట్‌తో, చాంబర్‌లో 0.064 గేజ్ పెట్టి, బోల్ట్‌ని వెనక్కి నెట్టి పట్టుకుని మూయాలి. గేజ్ లేకుండా మూస్తే బోల్ట్ మీద బరువు పడదు, పొడవు గట్టు తాకదు, తప్పు ఫలితం వస్తుంది. అలా చేసినా కుడిపక్క తాకకపోతే, అనుభవం ఉన్న గన్‌స్మిత్ దగ్గర మూడు నాలుగు బోల్ట్ బాడీలు ప్రయత్నించి రెండు పక్కలా తాకేది ఎంచుకోవాలి. దాని తర్వాతే బోల్ట్ హెడ్‌తో హెడ్‌స్పేస్ సరిచేయాలి. తర్వాతి మోడలైన నెం.4 రైఫిల్ హెడ్‌లకి 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి, అవి మీ నెం.1కి (మార్క్ 3*కి తర్వాత వచ్చిన పేరు) పట్టవు. నెం.1 హెడ్‌లకి అంకెలు లేవు, కొలిచి చూసుకోవాల్సిందే. హెడ్‌ని చేత్తో బిగించినప్పుడు దాని మొలక బోల్ట్ గట్టు వరసకి రావాలి. దాన్ని దాటి 20 డిగ్రీలకి మించి తిరిగితే మర అరిగిపోయినట్టు.

పాత బోల్ట్ తీసి పారేయకండి. నంబరు మార్చిన బోల్ట్ ఈ రైఫిల్‌తోనే ఉండాలి, కాల్చడానికి వేరేది వాడినా సరే. తూటాల క్లిప్ పెట్టే ఛార్జర్ వంతెన మూలల్లోనూ, రిసీవర్ ముందు వలయంలోనూ చొచ్చుకుపోయే నూనె పూసి తుడిచి, సుద్దపొడి చల్లి చూడండి. సన్నటి నూనె గీత ఊరితే పగులు ఉన్నట్టు. అప్పుడు అది చూసుకోవడానికి మాత్రమే.

చదివే ఇతరుల కోసం చట్టం మాట ఒకటి. భారత్‌లో .303 ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు దీనికి చెల్లదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతుకీ లైసెన్సు కావాలి. 45వ సెక్షన్‌లోని పురాతన ఆయుధాల మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానివాటికే. అమెరికాలో 1898 దాకా తయారైనవే యాంటిక్‌లు, 1917 రైఫిల్ ఆ లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో .303కి ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి.

కర్రపని:

తిరిగి బిగించేటప్పుడు బట్ ముందు. బట్ లోపల తోలు బిళ్ల ఎండిపోయి ఉంటే మార్చండి. బోల్ట్ గట్టిగా బిగించాక నలుచదరపు కొస అంచులు నిలువుగా ఉండాలి, అప్పుడే ఫోరెండ్ రేకు దానిమీద కూర్చుంటుంది. వంకరగా ఆగితే కొంచెం బిగించి సరిచేయండి. వదులు చేసి సరిచేస్తే బట్ మళ్ళీ ఊగుతుంది.

కాలర్ దొరికాక దాని పొడవు ముఖ్యం. కర్ర ఇప్పటికే నలిగింది కాబట్టి, గార్డ్ ఆనే చోట పల్చటి వాల్నట్ పొర అతికించి, కాలర్ కొసతో సమమయ్యేదాకా చెక్కండి. స్క్రూ చివర్లో మెత్తగా నలుగుతూ కాక, ఇనుముకి ఇనుము తగిలినట్టు ఒక్కసారిగా ఆగాలి. ట్రిగ్గర్ మొదటి దశ దానంతట అదే తిరిగొస్తుంది. ఖాళీ తుపాకితో కాక్ చేసి, బట్‌ని రబ్బరు చాప మీద గట్టిగా దించి చూడండి. కాక్ జారకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి, తర్వాత సేఫ్టీ తీసినా జారకూడదు.

నోస్‌క్యాప్ వేశాక మూతిని బొటనవేలితో పైకి నొక్కి వదలండి. కొద్దిగా కదిలి తన చోటికి తిరిగి రావాలి. కదలకపోతే ఆ చిన్న మొలక ఇరుక్కుంది, లేదా నోస్‌క్యాప్ బ్యారెల్‌ని పట్టేస్తోంది. ఒకే పక్కకి జారి ఆగిపోతే ఫోరెండ్ వంకరపోయింది, హ్యాండ్‌గార్డ్‌లు తీసి బ్యారెల్ గాడిలో ఎక్కడ రుద్దుతోందో బ్లూతో వెతకాలి. కొత్త భుజం ముక్క మొదటి వాడకంలో కొంత అణుగుతుంది. కాబట్టి రేంజ్‌కి వెళ్లొచ్చిన తర్వాత ఒకసారి ముందు స్క్రూ చూసి, మళ్ళీ బ్లూ పరీక్ష చేయండి.